నీరు పల్లమెరుగు: మీ కాలనీని వానకు సిద్ధం చేసుకోవడం ఎలా?

మే నెల ఎండలో వరద గురించి మాట్లాడదాం రండి అంటే మీటింగుకి ఎవరూ రారు. అక్టోబరులో పిలిస్తే అందరూ వస్తారు గానీ, అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు. ఇద్దరు ముగ్గురు దొరికినా చాలనుకుని మీరు మేలోనే మొదలుపెట్టండి. మా అపార్టుమెంటు అసోసియేషన్‌కి కొన్నేళ్లు సెక్రటరీగా ఉండి, చేసిన తప్పులే మళ్లీ చేసి నేర్చుకున్న పని ఇది. హైదరాబాదులో ఏ కాలనీకైనా, బస్తీకైనా కాస్త అటూ ఇటూ మార్చుకుంటే సరిపోతుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కాలనీని కాపాడుకోవడమంటే తమ గేటు ముందు అడుగున్నర గోడ కట్టుకోవడమే అనుకుంటారు చాలామంది. గోడ కడితే నీళ్లు మాయమైపోవు, పక్క సందులోకి పోతాయి. ఆ సందులో ఉండేది సాధారణంగా మన ఇంట్లో పనిచేసే అక్క, మన బట్టలు ఇస్త్రీ చేసే అన్న. అందుకని లెక్క ఎప్పుడూ అందరికంటే పల్లంలో ఉన్న గడప దగ్గర మొదలవ్వాలి. ఆ ఇల్లు నిలబడితే పైవాళ్ల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

1. పల్లం ఎక్కడుందో కనుక్కోండి

దీనికి ఇంజినీరు అక్కర్లేదు. మొదటి గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని వీధులన్నీ ఒక చుట్టు తిరగండి. నీళ్లు ఏ మలుపు దగ్గర ఆగుతున్నాయి, రోడ్డు పక్క ఏ జాలీలోకి దిగుతున్నాయి, ఏ జాలీలోంచి తిరిగి పైకి తన్నుతున్నాయి, అన్నీ ఫోన్‌లో వీడియో తీయండి. చాక్‌పీసు తీసుకెళ్లకండి, తడి గోడ మీద గీత పడదు. ఆ తెలివి మాకు రోడ్డు మీద నిలబడ్డాకే వచ్చింది. మర్నాడు గోడలు ఆరాక వీడియో చూసుకుంటూ పెయింట్‌తో గుర్తులు పెట్టండి.

తర్వాత పాతవాళ్లను అడగండి. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనను అడిగితే గోడకు కొట్టిన ఒక మేకు చూపించాడు. "ఇగో సార్, రెండువేల ఇరవైల వానకు నీళ్లు ఈడిదాంక వచ్చినయ్. అందుకే బట్టల మూట తగిలిచ్చే మేకు దీనిమీద జానెడు ఎత్తుకు కొట్టుకున్న." అప్పటికి మేం డ్రైనేజీ ప్లాన్ కాగితాల కోసం రెండు నెలలుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. మాక్కావాల్సిన కొలత ఆ గోడకే ఉంది.

మీ ఏరియా పేరు కూడా ఒకసారి పలికి చూసుకోండి. నల్లకుంట, ఎర్రకుంట, మాసాబ్ ట్యాంక్ లాంటి పేర్లు ఊరికే రాలేదు. పేరులో కుంట ఉంటే ఒకప్పుడు అక్కడ నీళ్లుండేవన్నమాట. నీళ్లకు పాత చిరునామా బాగా గుర్తుంటుంది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు దొరుకుతాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు (వాననీటి కాలువకు) 9 మీటర్లు, అంతకంటే సన్నటి నాలాకు 2 మీటర్లు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు కూడా చూడొచ్చు. వెనక్కి జరుపుతూ పోతే మీ పార్కింగ్ ఉన్నచోట ఒకప్పుడు ఏముందో తెలుస్తుంది. తెలిశాక ఇంట్లో ఒక పూట మౌనం ఉంటుంది, అది మామూలే.

2. మీ మీదికి వచ్చేది ఏ నీరు?

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. వరద అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ, నగరంలో అది నాలుగు రకాలుగా వస్తుంది. ఒక్కోదానికి దొరికే వ్యవధి వేరు, మందూ వేరే.

మొదటిది, నెత్తిమీద పడ్డ వాన. గంటలో కుమ్మరించి రోడ్డు మీద నిలిచి, రెండు మూడు గంటల్లో పోతుంది. దీనికి జాలీలు శుభ్రంగా ఉంటే సగం గెలిచినట్టే.

రెండోది నాలా పొంగు. మీ దగ్గర చినుకు లేకపోయినా ఎగువన కురిస్తే వస్తుంది. ఎగువ కాలనీలో ఒక్క మనిషి ఫోన్ నంబర్ మీ దగ్గరుంటే, నాలా పొడవును బట్టి అరగంటో గంటో ముందు తెలుస్తుంది. మేం పై కాలనీ సెక్యూరిటీ ఆయనతో దోస్తీ కట్టాం. వాన పడితే నాలా మీది కల్వర్టు ఫొటో ఒకటి పంపిస్తాడు. మేం ఇంతవరకు సంపాదించుకున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన యంత్రం ఆయనే.

మూడోది చెరువు నీరు. మన చెరువులు విడివిడిగా తవ్వినవి కావు, గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు పారితే, ఆ నీరు కింది చెరువుకు పోవాలి. మధ్యలో కాలువ పూడిపోయి ఉంటే ఆ నీరు రోడ్డునే కాలువ చేసుకుంటుంది. కట్ట తెగితే ఇక చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే కొట్టుకుపోయింది. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. టోలిచౌకి నదీం కాలనీలో పడవలు తిరిగాయి. వాన ఆగినా అక్కడ నీళ్లు చాలా రోజులు కదల్లేదు, ఎందుకంటే పోవడానికి దారి లేదు. మీది ఈ రకమైతే తెల్లారేసరికి తగ్గిపోతుందిలే అని మేడమీద కూర్చోకండి. తాగేనీరు, మందులు, మనుషులను ముందే తరలించే ఏర్పాటు, అన్నీ వారానికి సరిపడా ఉండాలి.

నాలుగోది మూసీ. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఉండేవాళ్లు ఆకాశం చూసి లాభం లేదు, జంట జలాశయాల గేట్లు చూడాలి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5. మట్టం దగ్గరపడ్డాక ఎగువన వికారాబాద్ వైపు వాన పడుతోందంటే గేట్లు ఎత్తుతారు. 2025 సెప్టెంబరు చివర్లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చింది అలాగే. అసలు ఈ రెండు జలాశయాలు పుట్టిందే 1908 సెప్టెంబరు 28 వరద వల్ల. ఆ రోజు దాదాపు 15,000 మంది పోయారని లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

తేదీలు చూశారు కదా: 1908 సెప్టెంబరు 28, 2020 అక్టోబరు 13. నగరం మునిగిన ఇంకో రోజు 2000 ఆగస్టు 24. ఒక్కటీ జూన్‌లో లేదు. సీజన్ సగం దాటి, చెరువులు నిండి, నేల ఇక తాగలేని స్థితిలో ఉన్నప్పుడు పడిన వానలివి. వినాయకుణ్ని సాగనంపగానే వానాకాలం అయిపోయిందనుకుని మోటార్లు, తాళ్లు మూలపడేయకండి. బతుకమ్మ, దసరా దాటి దీపావళి వరకు అన్నీ చేతికి అందేలా ఉండాలి.

3. పేర్ల పుస్తకం రాయండి

ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొనండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపును నమ్ముకోకండి. అందులో ఫ్లాట్ ఓనర్లుంటారు, వాళ్లలో సగం మంది అమెరికాలో ఉంటారు. అద్దెకున్నవాళ్లు, సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్, కడుతున్న బిల్డింగులో రేకుల షెడ్డు వేసుకున్న ఒడిశా కూలీలు, నాలా పక్కన గుడిసెల్లో ఉండే పాలమూరు కుటుంబాలు ఆ గ్రూపులో ఉండరు. ముందు మునిగేది మాత్రం వాళ్లే.

ఇల్లిల్లూ తిరగడానికి అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశా వర్కర్‌ను, పొదుపు సంఘం అక్కలను వెంట తీసుకెళ్లండి. ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందో, ఎవరికి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలో, ఎవరు మంచం దిగలేరో వాళ్లకు నోటికి వచ్చు. మీరు ఒక్కరే వెళ్లి తలుపు కొడితే కూల్చడానికి కొలతలు తీసుకోను వచ్చారనుకుంటారు. మాకు అదే జరిగింది. నాలా పక్కన ఒక పెద్దావిడ పుస్తకం చూసి తలుపేసేసింది. తర్వాతి ఆదివారం అంగన్‌వాడీ టీచరమ్మతో వెళ్తే టీ ఇచ్చింది, తనకు రాత్రిళ్లు కళ్లు కనిపించవని కూడా చెప్పింది.

పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక లైను చాలు: ఎంతమంది, ఎవరికి సాయం కావాలి, ఏ భాష, ఎవరు పిలవాలి. చివరిది ముఖ్యం. మంచం దిగలేని ఒక్కొక్కరికి ఇద్దరు మనుషుల పేర్లు రాయండి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. హెచ్చరికలు రాసి పంపకండి, మాట్లాడి పంపండి. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, ఇరవై సెకన్లు దాటని వాయిస్ మెసేజ్. చదువు రానివాళ్లకూ, కళ్లజోడు దొరకని తాతకూ అది చేరుతుంది. ఫోన్ లేనివాళ్లకు గుడి మైకు, మసీదు మైకు ఉన్నాయి. రెండుచోట్లా ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు హైదరాబాదులో జవాబు దాదాపు ప్రతి వీధిలో ఉంది: ఫంక్షన్ హాలు. ఎత్తు మీదున్నది, బాత్‌రూములు కింది అంతస్తులో ఉన్నది, ర్యాంపు ఉన్నది చూసి ఓనర్‌తో మేలోనే మాట్లాడండి. తాళం రాత్రిపూట ఎవరి దగ్గరుంటుందో కూడా అడగండి. ఈ చివరి ప్రశ్న మర్చిపోయి మేం ఒకసారి గంటన్నర వానలో నిలబడ్డాం.

4. సెల్లార్‌లో మనుషులు పడుకోకూడదు

ఇది బతిమాలి చెప్పే విషయం కాదు. 2020లో ఆ రాత్రి మా సెల్లార్‌లోకి నీళ్లొచ్చినప్పుడు మేమంతా పై అంతస్తుల్లో నిలబడి, తేలుతున్న కార్ల ఫొటోలు గ్రూపులో పెడుతున్నాం. వాచ్‌మన్ గది ఆ సెల్లార్‌లోనే. వాళ్లెక్కడున్నారని నలభై నిమిషాల పాటు మాలో ఒక్కరూ అడగలేదు. వాచ్‌మన్ భార్య పిల్లలిద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, రేషన్ కార్డు కోసం, పెద్దదాని స్కూలు సర్టిఫికెట్ల కోసం నడుములోతు నీళ్లలో మళ్లీ దిగింది. కరెంటు ప్యానెల్ బోర్డు అదే గోడకు, ఆమె భుజం ఎత్తులో ఉంది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంలో మా గొప్ప ఏమీ లేదు.

తర్వాత గదిని పైకి మార్చడానికి మూడు మీటింగులు పట్టాయి. అడ్డం వచ్చిన మాట ఒక్కటే: పార్కింగ్ పోతుంది. చివరికి రెండు స్కూటర్ల స్థలం పోయింది, అంతే. మీరు చేయాల్సినవి ఇవి. మనుషుల గది గ్రౌండ్ ఫ్లోర్‌కో పైకో మార్చండి. ప్యానెల్ బోర్డు, ఇన్వర్టర్, లిఫ్ట్ కంట్రోలర్ సెల్లార్‌లో ఉంటే వాటినీ మీ గోడమీది గీత కంటే ఎత్తుకు జరపండి. నీళ్లు తోడే మోటారు ఉందని ధీమా వద్దు, కరెంటు పోయాక అది బరువు తప్ప ఇంకేమీ కాదు. జనరేటర్ ఉంటే దాన్నీ ఎత్తులోనే పెట్టాలి. సెల్లార్ మెయిన్ ఎక్కడ ఆపాలో కనీసం నలుగురికి తెలిసి ఉండాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు. పగటిపూట ఇంట్లో ఉండేది ఎక్కువగా వాళ్లే కదా.

5. నాలా, పూడిక, పది రూపాయల కాగితం

ఎండాకాలంలో నాలాల పూడిక తీయిస్తారు. తీసిన మట్టిని గట్టుమీదే కుప్ప పోసి వెళ్లిపోతే మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారుతుంది. తీసినట్టూ ఉంటుంది, తీయనట్టూ ఉంటుంది. పని మొదలైన రోజు, ముగిసిన రోజు, మట్టి ఎత్తిన రోజు ఒకేచోట నిలబడి ఫొటోలు తీయండి. వార్డు ఆఫీసులో లేదా సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

కదలిక లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఆ ఫీజు కూడా ఉండదు, కాబట్టి బస్తీ నుంచే వేయొచ్చు. "పూడిక ఎందుకు తీయలేదు" అని అడగకండి, అలాంటి ప్రశ్నకు జవాబు రాదు. అంచనా కాపీ, పని తేదీలు, ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారో రాసే కొలతల పుస్తకం నకలు, మట్టి ఎక్కడ పోశారో ఆ వివరం, ఈ నాలుగూ అడగండి. కాగితం అడిగితే కాగితం వస్తుంది.

ఇక్కడే ఒక చేదు మాట. కాలనీవాళ్లు ఫిర్యాదు రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే "నాలా పక్క గుడిసెల వల్ల" అని రాస్తారు. కొన్నిచోట్ల నిజంగానే నాలా ఇరుకైంది, కాదనను. కానీ మీ అపార్టుమెంటు కాంపౌండ్ గోడ బఫర్‌లో ఉందేమో ముందు టేపు పట్టుకుని కొలుచుకోండి. మేం కొలిచాం. ఆ వాక్యం కొట్టేశాం.

మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు తీయకండి, తీయనివ్వకండి. అది నేరం, పైగా మురుగునీటి లైనులోకి వాననీరు వదిలితే పల్లంలో ఉన్న ఇళ్ల బాత్‌రూముల్లోంచి తన్నుతుంది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసం బయల్దేరిన పాప నీళ్ల కింద కనిపించని గుంతలో పడి చనిపోయింది. మూత లేనిది కనిపిస్తే ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతి, వాటర్ బోర్డు 155313కి చెప్పండి.

6. రోడ్డు ఎత్తు పెరగనివ్వకండి

పాత రోడ్డు మీదే కొత్త పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తవుతుంది, ఇళ్లు పల్లమవుతాయి. మా వీధిలో ఒక ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లెక్కేవాళ్లు, ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నారు. కొత్త రోడ్డు మంజూరైందని స్వీట్లు పంచే ముందు, పాత పొర గీకి తీశాకే కొత్తది వేయాలని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులోనూ వార్డు ఇంజినీరుకూ రాసివ్వండి. పని జరిగే రోజు ఎవరైనా ఒకరు దగ్గరుండాలి.

7. ఇంకుడు గుంత

తవ్వండి, కానీ దాని సత్తా ఎంతో తెలుసుకుని తవ్వండి. 200 గజాల ఇంటి మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు. మూడు ట్యాంకర్లకు పైనే. మన నేలలో కొంచెం లోతుకే రాయి తగులుతుంది, గుంత అంత నీటినీ ఒక్క రాత్రిలో తాగలేదు. అయినా వీధిలో నలభై ఇళ్లు తలా కొంత పట్టుకుంటే నాలా మీద పడే మొదటి గంట బరువు తగ్గుతుంది. బోరు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

8. వాన రోజు

వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే కదలమని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఇవి రోజంతటి లెక్కలు. మన నగరాన్ని ముంచేది మాత్రం గంటలో పడేదే. అందుకే నిటారు అంచులున్న డబ్బా ఒకటి మేడమీద పెట్టి స్కేలుతో కొలవడం మొదలుపెట్టండి. అరగంటలో 25 మిల్లీమీటర్లు దాటితే మా వీధి మలుపు మునుగుతుంది. మీ అంకె వేరుగా ఉంటుంది, ఒక సీజన్ రాసుకుంటే తేలుతుంది.

ఆ అంకె దాటగానే పుస్తకం తీయండి. ముందు మంచం దిగలేనివాళ్లు, తర్వాత పల్లపు ఇళ్లు, ఆ తర్వాత సెల్లార్ మెయిన్. కార్లు చివర. కారు తీయడానికి సెల్లార్‌లోకి దిగేవాళ్లను ఆపడానికి ఒక గట్టి గొంతు మనిషిని ర్యాంపు దగ్గర పెట్టండి, మాకు రిటైర్డ్ పీఈటీ సార్ ఉన్నారు. తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కి, ప్రాణం మీదికొస్తే 112కి చేయండి.

ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, అద్దె అగ్రిమెంటు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి తలుపు దగ్గర మేకుకు వేలాడదీయమని ప్రతి ఇంటికీ ముందే చెప్పండి. 2020లో ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించినప్పుడు మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. ఆ ఇంట్లో ఉన్నది మేమేనని చూపించుకోవడం అద్దెకున్నవాళ్లకు అన్నిటికంటే కష్టం.

9. నీళ్లు తీశాక

మునిగిన కారు స్టార్ట్ చేయకండి, ఇంజిన్ లోపలికి నీళ్లు లాగుతుంది. టో చేయించండి. సంపు మొత్తం తోడి, కడిగి, క్లోరిన్ వేసేదాకా ఆ నీళ్లు వంటకూ తాగడానికీ వద్దు, ఆ తర్వాత కూడా కాచే తాగండి. బురదలో నడిచినవాళ్లకు వారం పది రోజుల్లో జ్వరం వస్తే బస్తీ దవాఖానాలో వరద నీళ్లలో తిరిగామని చెప్పి మరీ చూపించుకోవాలి.

కడిగేముందు ఫొటోలు తీయండి, గోడమీది కొత్త మరక కనపడేలా. ఆ మరక ఆరిపోకముందే పెయింట్ డబ్బా తీసుకెళ్లి గీత గీసి, పక్కన తేదీ, డబ్బాలో కొలిచిన మిల్లీమీటర్లు రాయండి. సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం పేర్ల పుస్తకం పట్టుకుని మళ్లీ తిరగండి, ఈలోగా అద్దె ఇళ్లు మారిపోయి ఉంటాయి. మా ఇస్త్రీ ఆయన కిందటేడు మేకు ఇంకో జానెడు పైకి కొట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "రోడ్డు మల్ల ఏసిన్రు గద సార్" అన్నాడు. మేం వెళ్లి కొలిస్తే మూడంగుళాలు పెరిగింది. ఆరో పని మళ్లీ మొదటినుంచీ చేస్తున్నాం.